ర్యామ్ ధరల సెగ చిన్న మెషీన్లకూ తాకింది.. బోర్డు మార్చాలంటే అడ్డం పడుతోంది ఆ కనెక్టరే!

సెల్‌ఫోన్ల రేట్లు పెరుగుతాయట, ల్యాప్‌టాప్‌ల రేట్లు పెరుగుతాయట.. కొన్ని నెలలుగా వింటున్న మాటే ఇది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతుంటే మిగతావాళ్లకు దొరకడం కష్టమైంది. దొరికినా ధర మండిపోతోంది. అయితే ఈ సెగ తగులుతున్న ఇంకో చోటు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడటం లేదు. ఆస్పత్రిలో స్కానింగ్ మెషీన్, మెట్రో స్టేషన్‌లో టికెట్ గేటు, ఫ్యాక్టరీలో సీసాల మూతలు సరిగా పడ్డాయో లేదో చూసే కెమెరా, బస్టాండ్‌లో టైములు చూపించే తెర.. ఇలాంటి వాటి లోపలా ఓ చిన్న కంప్యూటర్ ఉంటుంది. చాలాసార్లు అది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. దాని మీదా మెమరీ ఉంటుంది. దాని ధరా పెరిగింది.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు బ్రిటన్‌కు చెందిన రాస్‌బెర్రీ పై. ఆ కంపెనీ 2025 అక్టోబర్‌లో తన కంప్యూట్ మాడ్యూల్ 4, కంప్యూట్ మాడ్యూల్ 5లలో 4 జీబీ రకాల మీద 5 డాలర్లు, 8 జీబీ రకాల మీద 10 డాలర్లు పెంచింది. అక్కడితో ఆగలేదు. డిసెంబర్‌లో మామూలు బోర్డుల వంతు వచ్చింది. 2026 ఫిబ్రవరిలో మళ్లీ వాత. ఈసారి 8 జీబీ మీద 30 డాలర్లు, 16 జీబీ మీద ఏకంగా 60 డాలర్లు. కారణం దాచలేదు, ఎల్‌పీడీడీఆర్4 రకం మెమరీ ఖరీదైపోయిందని చెప్పేసింది. ప్రపంచంలో డీర్యామ్ మెమరీని పెద్ద ఎత్తున తయారు చేసేది ప్రధానంగా మూడే కంపెనీలు.. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఆ మూడూ ఏఐ చిప్‌ల పక్కన కూర్చునే ఖరీదైన మెమరీ వైపు మొగ్గితే పాత రకానికి కరువు రాక ఏమవుతుంది? మైక్రాన్ అయితే డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

సరే, ధర పెరిగింది. ఇంకో కంపెనీ బోర్డు చవకగా దొరికితే అది కొనుక్కుంటే పోలా? ఇక్కడే ఉంది అసలు చిక్కు.

మిక్సీ మోటారు ఒకటి, జారు ఇంకోటి

ఇంట్లో మిక్సీ ఉంటుంది కదా. కింద మోటారు, పైన జారు. జారు పగిలితే కొత్త జారు కొంటాం. కానీ పక్కింటివాళ్ల మిక్సీ జారు తెచ్చి మన మోటారు మీద పెడితే చాలాసార్లు కూర్చోదు. అడుగున తిరిగే ఆ చిన్న కప్లర్ పళ్లు కలవవు. రెండూ పచ్చడి రుబ్బేవే, రెండూ బాగానే ఉన్నవే. అయినా కలవవు.

ఎంబెడెడ్ కంప్యూటర్లలోనూ అంతే. ప్రాసెసర్, మెమరీ, స్టోరేజ్ ఉన్న చిన్న బోర్డును మాడ్యూల్ అంటారు. దాన్ని కూర్చోబెట్టే పెద్ద బోర్డు క్యారియర్. మెషీన్‌కు కావాల్సిన ప్లగ్గులు, మోటార్ల వైర్లు, సెన్సర్లు అన్నీ క్యారియర్ మీదే ఉంటాయి. ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య గీతలు వేయడం మామూలు పని కాదు. ఒక్కో గీత పొడవు మిల్లీమీటర్ లెక్కన సరిచూడాలి, బోర్డుకు పొరలు ఎక్కువ కావాలి, ఖరీదైన పరీక్షా పరికరాలు కావాలి. పది మంది ఇంజనీర్లున్న కంపెనీ అదంతా మోయలేదు. అందుకే మాడ్యూల్ కొనుక్కొచ్చి, తేలికైన క్యారియర్ మాత్రం సొంతంగా డిజైన్ చేసుకుంటుంది. పద్ధతి మంచిదే. ఏడాదికి కొన్ని వందల మెషీన్లు అమ్మేవాళ్లకు ఇంతకంటే దారి కూడా లేదు.

ఆ రెండు బోర్డులనూ కలిపేదే కనెక్టర్. మాడ్యూల్ పొడవు వెడల్పులు, స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, కనెక్టర్ ఏ మూలన ఉండాలి, అందులో ఏ పిన్ను మీద కరెంటు వస్తుంది, ఏ పిన్ను మీద వీడియో వస్తుంది.. ఇదంతా కలిపితే ఫామ్ ఫ్యాక్టర్. ఒకసారి క్యారియర్ డిజైన్ చేసి, పరీక్షలు చేయించి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాక ఆ కనెక్టర్‌తో పెళ్లయిపోయినట్టే. విడాకులు చాలా ఖరీదు.

2020లో ఏం జరిగింది?

రాస్‌బెర్రీ పై కథే చూద్దాం, ఎందుకంటే ఇందులో రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. 2014లో వచ్చిన మొదటి కంప్యూట్ మాడ్యూల్ చూడటానికి అచ్చం ల్యాప్‌టాప్ ర్యామ్ ముక్కలా ఉండేది. 200 పిన్నుల అంచు, దాన్ని పట్టుకునే సాకెట్ కూడా ర్యామ్ సాకెట్టే. తెలివైన ఎంపిక. ల్యాప్‌టాప్‌ల కోసం కోట్లలో తయారయ్యే సాకెట్ కాబట్టి చవక, ఎక్కడైనా దొరుకుతుంది. 2017లో కంప్యూట్ మాడ్యూల్ 3, 2019లో 3 ప్లస్.. అన్నీ అదే ఆకారం. ఎన్‌ఈసీ లాంటి పెద్ద కంపెనీ తన డిస్‌ప్లే తెరల్లో ఈ మాడ్యూల్‌కు చోటిచ్చింది.

2020 అక్టోబర్‌లో కంప్యూట్ మాడ్యూల్ 4 వచ్చింది. ఆకారం మొత్తం మారిపోయింది. 55 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పు, అడుగున నూరేసి పిన్నుల కనెక్టర్లు రెండు. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 0.4 మిల్లీమీటర్లు. కంపెనీ వైపు న్యాయం ఉంది. కొత్త ప్రాసెసర్‌లో గిగాబిట్ ఈథర్నెట్, రెండు హెచ్‌డీఎంఐలు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. పాత ర్యామ్ అంచు మీద వాటికి చోటు లేదు. కానీ పాత క్యారియర్లు చేసుకున్నవాళ్ల సంగతేంటి? కొత్త మాడ్యూల్ వాళ్ల మెషీన్‌లో కూర్చోదు.

దానికి తోడు 2021-22లో చిప్‌ల కరువు వచ్చింది. పాత మాడ్యూల్ దొరకదు, కొత్తది పట్టదు. చివరికి కంపెనీ కంప్యూట్ మాడ్యూల్ 4ఎస్ అని ఓ మధ్యేమార్గం తెచ్చింది. కొత్త ప్రాసెసర్‌ను పాత ర్యామ్ ఆకారంలోనే అమర్చి పారిశ్రామిక కస్టమర్లకు ఇచ్చింది. ఇలాంటి ఊరట అందరికీ దక్కదు. మాడ్యూల్ కంపెనీకి మనసుండాలి, ఓపికుండాలి, అంతమంది పాత కస్టమర్లూ ఉండాలి.

2024 నవంబర్‌లో వచ్చిన కంప్యూట్ మాడ్యూల్ 5 విషయంలో మాత్రం కంపెనీ ఆ పొరపాటు చేయలేదు. అదే సైజు, అవే కనెక్టర్లు. అయితే ఇక్కడా ఓ మెలిక ఉంది. కొన్ని పిన్నుల పని మారింది. ఇంతకుముందు కెమెరా, డిస్‌ప్లే కోసం ఉన్న కొన్ని పిన్నుల మీదకు యూఎస్‌బీ 3.0 వచ్చి కూర్చుంది. ఆ పిన్నులు వాడనివాళ్లకు ఫర్వాలేదు. వాడినవాళ్లు క్యారియర్ మార్చుకోవాల్సిందే. కనెక్టర్‌లో దిగినంత మాత్రాన పనిచేస్తుందని కాదు!

ఇంకో తమాషా కూడా జరిగింది. కరువు కాలంలో కంప్యూట్ మాడ్యూల్ 4 దొరక్కపోయేసరికి చైనా కంపెనీలు అదే సైజులో, అవే కనెక్టర్లతో తమ మాడ్యూళ్లు దించాయి. రాడ్జా, పైన్64, ఆరెంజ్ పై.. 3డీ ప్రింటర్ల బోర్డులు చేసే బిగ్‌ట్రీటెక్ కూడా సీబీ1 పేరుతో ఒకటి తెచ్చింది. ఏ కమిటీ కూర్చుని తీర్మానం చేయకుండానే ఒక కంపెనీ కనెక్టర్ అనధికార ప్రమాణం అయిపోయింది. అయితే వాటన్నిటిలో అన్ని పిన్నులూ పనిచేయవు. ప్రాసెసర్ వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ కూడా వేరే. ఇంట్లో ప్రింటర్ నడుపుకొనేవాళ్లకు అది చాలు. ఆస్పత్రి మెషీన్ చేసేవాడికి చాలదు.

కంపెనీ మాట మీద నమ్మకం పెడితే?

ఇంటెల్ లాంటి దిగ్గజం మాట ఇస్తే ఎవరు నమ్మరు? 2014లో ఎడిసన్ అనే మాడ్యూల్ తెచ్చింది. తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది, 70 పిన్నుల కనెక్టర్. దాని చుట్టూ బోలెడన్ని బోర్డులు, ప్రాజెక్టులు పుట్టుకొచ్చాయి. 2017లో ఇంటెల్ దాన్ని ఆపేసింది. అదే ఏడాది మొదట్లో కంప్యూట్ కార్డ్ అని ఇంకోటి ప్రకటించింది. క్రెడిట్ కార్డు పొడవు వెడల్పులతో ఉండే కంప్యూటర్, టీవీలోనో ఫ్రిజ్‌లోనో దూరిస్తే చాలు, పాతబడితే కార్డు మార్చుకోవచ్చన్నది ఆలోచన. వినడానికి ఎంత బాగుందో! 2019లో అదీ ఆగిపోయింది. ఆ కనెక్టర్‌కు ఇంకే కంపెనీ కార్డూ లేదు. కాబట్టి దాన్ని నమ్ముకుని చేసిన డాక్‌లకు తర్వాతి కార్డే లేకుండా పోయింది.

ఎన్విడియా జెట్సన్ మాడ్యూళ్లది కాస్త మెరుగైన పరిస్థితి. నానో, జేవియర్ ఎన్ఎక్స్, ఓరిన్ నానో, ఓరిన్ ఎన్ఎక్స్.. ఇవన్నీ ఒకే 260 పిన్నుల అంచు మీద నడుస్తున్నాయి. అది డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్ సాకెట్ రకమే. ట్యూరింగ్ మెషీన్స్ అనే సంస్థ తన ఆర్‌కే1 మాడ్యూల్‌ను అదే అమరికలో తెచ్చింది. కానీ ఎన్విడియాలోనే పెద్ద మాడ్యూళ్లకు 699 పిన్నుల కనెక్టర్, అంతకుముందు టీఎక్స్2కు 400 పిన్నుల కనెక్టర్. ఒకే ఇంట్లో మూడు పొయ్యిలన్నమాట.

కమిటీలు చేసిన ప్రమాణాలు ఏమంటున్నాయి?

ఒక కంపెనీ దయ మీద బతకకూడదన్న ఆలోచన కొత్తదేం కాదు. 1992లోనే పీసీ/104 అనే ప్రమాణం వచ్చింది. పేరులోని 104 అంటే పిన్నుల సంఖ్యే. బోర్డు మీద బోర్డు ఇడ్లీ ప్లేట్లలా పేర్చుకుంటూ పోవడమే దాని పద్ధతి. కేబుళ్లు ఊడిపోయే గొడవ లేదు, కుదుపులకు తట్టుకుంటుంది. రక్షణ రంగం వాళ్లు దీన్ని ఇష్టపడటానికి అదే కారణం.

2005లో పీఐసీఎంజీ అనే పారిశ్రామిక సంఘం కామ్ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం విడుదల చేసింది. ఒక్కో కనెక్టర్‌కు 220 పిన్నులు, టైప్ 6 రకంలో రెండు కనెక్టర్లు, మొత్తం 440. కాంట్రాన్, కాంగాటెక్, అడ్‌లింక్ లాంటి కంపెనీలన్నీ దీని మీదే మాడ్యూళ్లు చేస్తాయి. సైజులు, పిన్నులే కాదు, ప్రాసెసర్ వేడిని పైకి తీసుకెళ్లే లోహపు పలక ఎంత మందం ఉండాలో కూడా ఇందులో రాశారు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, మెషీన్ డబ్బా మూతకు ఆనించి వేడిని బయటకు పంపేవాళ్లకు ప్రాణం లాంటిది. పలక మందం ఒక మిల్లీమీటర్ తేడా వస్తే డబ్బా మూతే పడదు.

మరి ఇంత బాగున్న ప్రమాణానికి పోటీగా అదే సంఘం 2021లో కామ్-హెచ్‌పీసీ అని ఇంకోటి ఎందుకు తెచ్చింది? వేగం కోసం. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో ఒక్కో లేన్ మీద సెకనుకు 8 గిగా ట్రాన్స్‌ఫర్లు. నాలుగో తరంలో 16, ఐదో తరంలో 32. ఆ వేగంలో పిన్ను అంటే కేవలం లోహపు ముక్క కాదు, చిన్న యాంటెన్నా లాంటిది. పక్క పిన్నులోకి సిగ్నల్ కారిపోతుంది. కామ్ ఎక్స్‌ప్రెస్ కనెక్టర్‌ను మెరుగుపరిచి 2022లో నాలుగో తరం వరకూ లాక్కొచ్చారు. ఐదో తరానికి కొత్త కనెక్టర్ కావాల్సి వచ్చింది. అందుకే 400 పిన్నులవి రెండు, మొత్తం 800. మన అవసరం సీసాల మూతలు చూడటమే అయితే ఇదంతా అక్కర్లేదు. కానీ కొత్త ప్రాసెసర్లు కొత్త కనెక్టర్ మీదే వస్తుంటే పాతవాళ్లు ఎంతకాలం ఆగగలరు?

తక్కువ కరెంటుతో నడిచే చిన్న మెషీన్ల కోసం ఎస్‌జీఈటీ అనే జర్మనీ కేంద్రంగా ఉన్న సంస్థ స్మార్క్ ప్రమాణాన్ని చూస్తోంది. 82 మిల్లీమీటర్ల వెడల్పు, 314 పిన్నుల అంచు. ఈ అంచు సాకెట్ నిజానికి ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుల కోసం పుట్టింది. ఎన్ఎక్స్‌పీ, ఇంటెల్, క్వాల్‌కామ్, రాక్‌చిప్.. ఎవరి ప్రాసెసర్ అయినా ఈ ఆకారంలో దొరుకుతుంది. స్పెసిఫికేషన్ కూడా ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కామ్ ఎక్స్‌ప్రెస్ పూర్తి పత్రం మాత్రం కొనుక్కోవాలి. మన దగ్గర చిన్న కంపెనీ ఏదైనా ఇప్పుడు కొత్త మెషీన్ డిజైన్ మొదలుపెడుతుంటే నేనైతే మొదట చూడమని చెప్పేది స్మార్క్ వైపే. అయితే దీనికీ మచ్చ లేకపోలేదు. 2016లో 2.0 వెర్షన్ వచ్చినప్పుడు పాత తరహా ప్యారలల్ డిస్‌ప్లే, కెమెరా పిన్నులు తీసేసి వాటి స్థానంలో కొత్తవి పెట్టారు. కమిటీ చేసినా మార్పు మార్పే.

అసలు కనెక్టరే వద్దనుకుంటే? అదీ ఉంది. ఎస్‌జీఈటీ తెచ్చిన ఓఎస్ఎం ప్రమాణంలో మాడ్యూల్‌ను నేరుగా క్యారియర్ మీద సోల్డర్ చేసేస్తారు. 30 మిల్లీమీటర్ల చతురస్రంలో 332 ప్యాడ్లు, అన్నిటికంటే పెద్దదైన 45 మిల్లీమీటర్ల చతురస్రంలో 662. కనెక్టర్ ఖర్చు మిగులుతుంది, కుదుపులకు ఊడదు, మెషీన్ లైన్ మీదే బిగించొచ్చు. కాకపోతే పాడైతే స్క్రూ విప్పి మార్చే వీలుండదు. వేడి చేసి పీకాలి. జిల్లా ఆస్పత్రిలో మెషీన్ ఆగిపోతే అక్కడికి వెళ్లే టెక్నీషియన్ చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది గానీ ఆ యంత్రాలు ఉండవు కదా.

ప్రమాణం ఉంటే ధర తగ్గుతుందా?

తగ్గదు. ఇది సూటిగా చెప్పుకోవాలి. స్మార్క్ మాడ్యూల్ మీదా మెమరీ సోల్డర్ చేసే ఉంటుంది, దానికీ అదే కరువు. కామ్ ఎక్స్‌ప్రెస్ పెద్ద సైజుల్లో చాలావాటికి ర్యామ్ విడిగా పెట్టుకునే సాకెట్లు ఉంటాయి కాబట్టి కాస్త వెసులుబాటు, అంతే. ప్రమాణం వల్ల వచ్చేది రెండో కొటేషన్. ఒక కంపెనీ రేటు పెంచితే ఇంకో కంపెనీని అడగగలగడం. 8 జీబీ అక్కర్లేదనుకుంటే క్యారియర్ ముట్టుకోకుండా 4 జీబీకి దిగగలగడం. బేరమాడే చోటు ఉండటమే పెద్ద విషయం.

మాడ్యూల్ కంపెనీలు ఇచ్చే దీర్ఘకాలిక హామీల సంగతీ చూడాలి. కంప్యూట్ మాడ్యూల్ 4 కనీసం 2034 జనవరి వరకూ, మాడ్యూల్ 5 కనీసం 2036 జనవరి వరకూ తయారవుతాయని రాస్‌బెర్రీ పై చెబుతోంది. మంచిదే. కానీ ఆ హామీ తయారీకే, ధరకు కాదు. 2034లో దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుందన్నది అప్పటి మెమరీ మార్కెట్ దయ. చాలామంది ఈ తేడా చూడకుండానే టెండర్లలో పదేళ్ల సర్వీసుకు సంతకాలు పెట్టేస్తుంటారు.

సాఫ్ట్‌వేర్ తంటా ఎలాగూ ఉంది. ఎన్ఎక్స్‌పీ ప్రాసెసర్ ఉన్న స్మార్క్ తీసి రాక్‌చిప్ ఉన్న స్మార్క్ పెడితే స్క్రూలు పడతాయి, కరెంటు సరిపోతుంది, స్క్రీన్ మాత్రం వెలగకపోవచ్చు. డ్రైవర్లు, కెర్నల్ మళ్లీ కూర్చుకోవాలి. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అదే క్యారియర్ మొత్తం మార్చాల్సి వస్తే నెలలు, ఆపైన సర్టిఫికెట్ల క్యూ.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

సర్టిఫికెట్ల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పుకోవాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు కేంద్రం కొత్త భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. లోపలి హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ కూడా పరీక్షకు వెళ్తాయి. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకు ఎస్‌ఐఎల్-4 అనే అత్యున్నత భద్రతా స్థాయి కావాలి. దాన్ని మొదట తయారు చేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్.. మూడూ హైదరాబాద్ కంపెనీలే. ఇలాంటి రంగాల్లో బోర్డు మార్చడమంటే చొక్కా మార్చినట్టు కాదు. మారిన ప్రతి భాగానికీ మళ్లీ పరీక్షలు, కాగితాలు, ఎదురుచూపులు. అక్కడ కనెక్టర్ ఎంపిక మొదటి రోజే సరిగా జరగాలి.

విడిభాగాల తయారీకి కేంద్రం 2025 మార్చిలో రూ.22,919 కోట్ల పథకం ఆమోదించింది. ఈ ఏడాది బడ్జెట్‌లో దాన్ని రూ.40,000 కోట్లకు పెంచుతామని ప్రతిపాదించింది. మల్టీలేయర్ పీసీబీలు, ఎలక్ట్రో-మెకానికల్ భాగాలు ఇందులో ఉన్నాయి. తిరుపతి జిల్లా నాయుడుపేటలో సైర్మా ఎస్‌జీఎస్ పీసీబీ ప్లాంటు పెడుతోంది. బోర్డు ఇక్కడే తయారవుతుంది, సంతోషం. కానీ ఆ బోర్డు ఏ ఆకారంలో ఉండాలో, ఏ పిన్ను ఎక్కడ ఉండాలో రాసే కమిటీల్లో మన గొంతు ఎంత వినిపిస్తోంది? అక్కడ చర్చ నడిపేది జర్మనీ, తైవాన్, అమెరికా కంపెనీలు. సభ్యత్వం డబ్బు పెద్ద లెక్కేం కాదు. కూర్చునే ఓపిక, పంపించే మనిషి కావాలి.

ప్రాసెసర్ వైపు కదలిక ఉంది. ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డాక్ వేగా కుటుంబాలు ఇప్పటికే ఉన్నాయి. 2025 డిసెంబర్‌లో సీ-డాక్ ధ్రువ్64 పేరుతో 64 బిట్ల, రెండు కోర్ల, 1 గిగాహెర్ట్జ్ చిప్‌ను పరిచయం చేసింది. ఇంతకుముందు సీ-డాక్ తన థేజస్32 చిప్‌ను ఏరీస్ బోర్డుల మీద ఇచ్చినప్పుడు ఆర్డునో ఊనో పిన్నుల అమరిక ఎంచుకుంది. కాలేజీ కుర్రాళ్లు అప్పటికే కొనిపెట్టుకున్న షీల్డులు దాని మీద కూర్చునేలా చేసింది. సరైన ఆలోచన అది. ధ్రువ్64కూ అదే దారి పడితే బాగుంటుంది. స్మార్క్ సైజులోనో, ఓఎస్ఎం సైజులోనో ఓ మాడ్యూల్ ఇస్తే బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో ఇప్పటికే స్మార్క్ క్యారియర్ చేసుకున్న ఇంజనీరు పాత మాడ్యూల్ స్క్రూలు విప్పి, దీన్ని బిగించి, ఆ సాయంత్రమే బూట్ చేసి చూడగలడు. కొత్త బోర్డు గీయమంటే మాత్రం వచ్చే ఏడాది చూద్దాంలే అంటాడు.